బండి హాల్లోకి వచ్చింది, బిల్లు చూసుకోండి!

సాయంత్రమైతే మిరపకాయ బజ్జీల వాసన రాని వీధి గుంటూరులో అరుదు. ఇప్పుడు అదే బండికి రంగులేసి, ఏసీ హాల్లో నిలబెట్టి, బజ్జీలు, పానీపూరీ, పావ్‌బాజీ వడ్డించే శాకాహార హోటళ్లు వచ్చాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని తినొచ్చు. ఆ పూట మనకూ పొయ్యి దగ్గర సెలవు. సంతోషమే!

అయితే అలంకరణ చూసి మురిసిపోకండి. ముందు నూనె చూడండి. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే నల్లబడి, నురగ కడుతుంది. అలా పాడైన నూనె వాడకానికి ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి హద్దు పెట్టింది. అచ్చం బండి మీదలాగే ఉండాలని బజ్జీలు వార్తాపత్రికలో పెట్టిస్తే వద్దనండి. అచ్చు సిరా తిండికి అంటుతుంది, నిబంధనలూ ఒప్పుకోవు.

ఇక బిల్లు. జీఎస్టీ కట్టాల్సిందే. 'సర్వీస్ ఛార్జి' మాత్రం మన ఇష్టం. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ అదే మాటంది. తీసేయమని అడగండి. కాదంటే 1915కి ఫోన్ చేయండి.

నలుగురిలో ఏం అడుగుతాంలే అని ఊరుకోకండమ్మా. ఆ డబ్బు పచ్చళ్ల రోజుల్లో నూనెకైనా పనికొస్తుంది!