కోల్‌కతా ట్రాఫిక్‌లో రెండంచెల టర్బో దేనికి?

కోల్‌కతాకు దగ్గర్లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే వరకు అంబాసిడర్ కార్లు తయారయ్యాయి. ఆ కారులో చాలాకాలం వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌కు టర్బో లేదు. ఇవాళ అదే రోడ్లపై 1000 సీసీ కూడా లేని మూడు సిలిండర్ల ఇంజిన్లు అంతకు రెట్టింపు శక్తినిస్తున్నాయి. ఇందులో పెద్ద వాటా టర్బోచార్జర్‌దే. స్విస్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంటుకెక్కించిన ఆలోచన ఇది. బయటికి పోయే పొగతో టర్బైన్ తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న కంప్రెసర్ గాలిని సిలిండర్లలోకి కుక్కుతుంది.

ఒక్క టర్బోతోనే ఇంత లాభముంటే రెండు పెడితే? కార్లను మార్పించుకునే కుర్రకారుకు ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది. చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రెండు టర్బోలు పక్కపక్కన పనిచేస్తే గాలి పరిమాణాన్ని పంచుకుంటాయి, అంతే. కాంపౌండ్ పద్ధతిలో అవి వరుసగా ఉంటాయి. పెద్దది నొక్కిన గాలిని చిన్నది మళ్లీ నొక్కుతుంది. ఒక్కొక్కటి ఒత్తిడిని రెట్టింపు చేస్తే మొత్తం నాలుగు రెట్లవుతుంది, ఎందుకంటే ఇక్కడ జరిగేది కూడిక కాదు, గుణకారం.

డీజిల్ ఇంజిన్‌కు ఇది బాగా నప్పుతుంది. అది గాలిని మాత్రమే నొక్కి, చివర్లో ఇంధనం చల్లుతుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనం ముందే గాలితో కలిసి ఉంటుంది. ఒత్తిడి, వేడి హద్దు మీరితే స్పార్క్ నుంచి మంట చేరేలోపే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది. ఇదే నాకింగ్. పిస్టన్లను తినేసేది ఇదే. కోల్‌కతా మే నెలలో 35 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, సాధారణ కంప్రెసర్‌లో అది దాదాపు 130 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని చల్లబరచాలి. కానీ ఇంటర్‌కూలర్‌కు తగిలేదీ ఆ ఎండగాలే, అదీ కారు కదిలినప్పుడే. సియాల్దా దగ్గర నిలిచిపోయిన కారుకు ఆ గాలీ ఉండదు.

నాకింగ్‌ను ఇథనాల్ కలిపిన పెట్రోలు కొంత ఆపగలదు, నిజమే. ఇంజిన్‌ను దిట్టంగా కట్టి, స్పార్క్‌ను వెనక్కి జరిపి నెట్టుకురావచ్చు కూడా. రేసు ట్రాక్ మీద అది ముచ్చటైన ఇంజినీరింగే. ఊళ్లో మాత్రం దానికి పని దొరకదు. పెద్ద టర్బో ఊపందుకోవాలంటే ఇంజిన్ గట్టిగా, కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. హౌరా వంతెన మీద అంత ఖాళీ ఎక్కడ?

అసలు అభ్యంతరం గాలి గురించి. పెట్రోలు కారు పొగలోని విషాలను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250–300 డిగ్రీలు వేడెక్కితేగానీ సరిగా పనిచేయదు. టర్బైన్ ఇల్లు బరువైన లోహపు ముద్ద. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు ఆ వేడిని ముందు అదే మింగేస్తుంది. అలాంటి ముద్దలు రెండుంటే కన్వర్టర్ ఇంకా ఆలస్యంగా మేల్కొంటుంది. రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాల్లో ఎక్కువ కాలుష్యం వచ్చేది సరిగ్గా ఆ మొదటి నిమిషాల్లోనే. శీతాకాలపు పొగమంచులో ఊపిరాడని నగరానికి ఇది చిన్న విషయం కాదు. 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను తొలగించాలని కలకత్తా హైకోర్టు 2008లోనే ఆదేశించింది. పాత టాక్సీని పంపించేసి, కొత్త కారు గొట్టం చివర అదే విషం వదలడం అర్థంలేని పని.

పైగా తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కన్వర్టర్‌నే పీకేసి టర్బోకు దారి ఖాళీ చేయమనే సలహా కూడా గ్యారేజీల్లో వినిపిస్తుంటుంది. దాన్ని సలహా అనడమే ఎక్కువ.

ఒక్క చిన్న టర్బో, దానికి తోడు ఆగి కదిలేటప్పుడు సాయం చేసే విద్యుత్ మోటారు: ఈ నగరానికి కావలసింది ఇంతే. మోటారుకు పొగ ఊపందుకునే దాకా ఎదురుచూడాల్సిన పని లేదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోవచ్చు కూడా.