ఫామ్‌హౌస్ కాదు బాబూ, కొట్టం పెంచు!

ఐటీ సోదరులారా, పొలంలో ఫామ్‌హౌస్ కట్టేముందు మిట్టమధ్యాహ్నం మీ నాన్న రేకుల షెడ్డులో పది నిమిషాలు నిలబడండి. మా తొగుటలో నేను నిలబడ్డాను. బర్రెలు రొప్పుతున్నాయి. బయట వరిగడ్డి పోయిన వానకి కుళ్ళింది.

పడగొట్టి కొత్తది కడదామన్నా. "ఉన్నదానికే పంచ దించరాదు బిడ్డా?" అన్నాడు నాన్న.

నిజమే! గడ్డికో పంచ, నడికప్పులో వేడిగాలి పోయే సందు, రేకులకి తెల్ల సున్నం, చూరుకి గొట్టం. 30x20 అడుగుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే ఐదొందల లీటర్ల పైమాటే, బర్రెలు కడగడానికి.

2022లో ప్రారంభమైన 50 టీఎంసీల మల్లన్నసాగర్ పక్కనే ఉందిగా అంటారా? దాని కోసం మా మండలంలో ఊళ్ళకి ఊళ్ళే మునిగాయి, కొట్టాలతో సహా. మిగిలినదాన్ని మనమే పడగొట్టాలా?

నడుస్తున్న కోడ్‌ని మొత్తం తిరగరాయొద్దని ఆఫీసులో లెక్చర్లిస్తాం. ఊరికెళ్ళగానే ఆ బుద్ధి ఏమవుతుందో! వీకెండ్‌కి వచ్చేది మనం, ఏడాదంతా ఉండేది బర్రెలు.