ఖజానా ఖాళీ అన్నప్పుడు కోత ఎవరికి?

బ్రిటన్ రాజకీయాలతో గోదావరిఖని వాసులకు ఏం పని అని కొందరు అడగవచ్చు. పని ఉంది. 'ఖజానాలో డబ్బు లేదు, ఖర్చు తగ్గించక తప్పదు' అనే మాట అక్కడ ఏ పార్టీ గద్దె ఎక్కినా వినిపిస్తూనే ఉంది. ఇక్కడ మన బొగ్గు బావుల దగ్గర కూడా ముప్ఫై ఏళ్లుగా అదే మాట వింటున్నాము. అది నిజమే కావచ్చు. కాని ఆ పేరుతో ఎవరి దస్తర్‌ఖాన్ మీది రొట్టె తగ్గుతోందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

బ్రిటన్ గనులను 1947లో లేబర్ ప్రభుత్వం జాతీయం చేసింది. నష్టాలొస్తున్నాయంటూ కన్జర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం గనుల మూసివేతకు దిగడంతో 1984 మార్చిలో కార్మికులు సమ్మెకు పూనుకున్నారు. ఏడాది పాటు పోరాడి ఓడిపోయారు. 1994లో మిగిలిన గనులు ప్రైవేటుపరం అయ్యాయి. 2015 డిసెంబరులో చివరి లోతైన భూగర్భ గని కెల్లింగ్లీ కూడా మూతపడింది.

ఆ తర్వాతి కథ ఇంకా గమనించదగినది. 2008లో పెద్ద బ్యాంకులు కుప్పకూలితే ప్రజల డబ్బుతో ప్రభుత్వం వాటిని ఆదుకుంది, అప్పు పెరిగింది. 2010లో వచ్చిన కామెరాన్ ప్రభుత్వం ఆ అప్పు పేరుతో పొదుపు విధానం ప్రకటించింది. స్థానిక సంస్థల నిధులు, పేదల భత్యాలు తగ్గాయి. 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డకు పేద కుటుంబాలకిచ్చే సాయం వర్తించదన్నారు. బ్యాంకుల వారు చేసిన తప్పుకు, ఇంకా పుట్టని పిల్లలు జరిమానా కట్టారన్నమాట!

2024 జులైలో లేబర్ పార్టీ గెలిచింది. పద్ధతి మారుతుందని పేదలు ఆశపడ్డారు. అయితే ఆ నెలలోనే చాలామంది వృద్ధులకు చలికాలపు ఇంధన భత్యం ఆపుతున్నట్లు కొత్త ఆర్థిక మంత్రి ప్రకటించారు. మూడో బిడ్డ నిబంధన ఎత్తివేయాలని ఓటు వేసిన ఏడుగురు సొంత ఎంపీలను పార్టీ సస్పెండ్ చేసింది. ప్రజల నిరసన, సొంత సభ్యుల ఒత్తిడి పెరిగాకనే 2025 జూన్‌లో ఇంధన భత్యం చాలామందికి తిరిగి వచ్చింది. మూడో బిడ్డ నిబంధనను 2026 ఏప్రిల్ నుండి తీసివేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. పార్టీ పేరు మారినందుకు వచ్చిన ఫలితం కాదిది, ప్రజలు ఊరుకోనందుకు వచ్చిన ఫలితం.

ఈ గాలి మన వైపు కూడా వీచింది. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు రుణం తీసుకుని సంస్కరణలు మొదలుపెట్టింది. ప్రభుత్వ సంస్థలను అమ్మే, మూసే కార్యక్రమానికి బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ నిధులిచ్చింది. సలహాలకు ఆడమ్ స్మిత్ పేరు పెట్టుకున్న బ్రిటిష్ సంస్థ వచ్చింది. అప్పుడు లండన్‌లో ఉన్నది లేబర్ ప్రభుత్వమే! నిజాం కాలంలో 1937లో బోధన్‌లో వెలసిన చక్కెర ఫ్యాక్టరీలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మన పక్కనే ఉన్న రామగుండం ఎరువుల కర్మాగారం 1999లోనే ఆగిపోయింది. దాని స్థానంలో కొత్త కర్మాగారం 2021లో గాని ఉత్పత్తి మొదలుపెట్టలేదు.

సింగరేణి మాత్రం నిలబడింది. 1990లలో నష్టాలతో బి.ఐ.ఎఫ్.ఆర్. గడప తొక్కిన సంస్థ, అమ్ముడుపోకుండానే లాభాల బాట పట్టింది. ఇది కార్మికుల చెమట ఫలితం, ఇందుకు సంతోషించాలి. కాని పొదుపు ఎక్కడ జరిగిందో కూడా చూడాలి. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు నేడు సుమారు 40 వేలు. యంత్రాలు, ఓపెన్‌కాస్టులు వచ్చాయి నిజమే. అయినా మనుషుల పని పూర్తిగా పోలేదు. అందులో చాలా భాగం కాంట్రాక్టు కార్మికుల చేతికి మారింది. 2025 దసరా ముందు లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికునికి సగటున 1 లక్షా 95 వేల రూపాయలు వచ్చాయి. సుమారు 30 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు మనిషికి 5,500 రూపాయలు. తండ్రి పర్మినెంటు, కొడుకు కాంట్రాక్టు అయిన ఇళ్లలో ఈ తేడా ఒకే కప్పు కింద కనిపిస్తుంది. ఒకప్పటి కోతను నేడు కొడుకు తరం మోస్తోంది.

పొదుపే తప్పని మేము అనడం లేదు. 2022 సెప్టెంబరులో ప్రధాని లిజ్ ట్రస్ అప్పు తెచ్చి పన్నులు తగ్గిస్తామనగానే పౌండు పడిపోయింది, ఇళ్ల రుణాల వడ్డీ ఎగబాకింది, ఆమె పదవి ఏడు వారాలే నిలిచింది. లెక్కలేని ఖర్చు కూడా చివరికి సామాన్యుని నెత్తినే పడుతుంది. ఫజూల్ ఖర్చు వేరు, హక్కుదారునికి చేరవలసిన ఖర్చు వేరు. మొదటిది ఆపడం ఇన్సాఫ్. రెండోది ఆపడం జుల్మ్. ప్రజాధనం పాలకుల చేతిలో అమానత్ మాత్రమే.

కనుక ఏ పార్టీ వారు వచ్చినా, ఏ యూనియన్ నాయకుడు వచ్చినా మూడు మాటలు అడుగుదాం. ఈ అప్పు ఎవరి కోసం చేశారు? కోత మొదట ఎవరికి పెడుతున్నారు? మిగిలిన డబ్బు ఎక్కడికి పోతోంది? జెండా రంగు చూసి సంతృప్తి పడేవారికి ఈ జవాబులు దొరకవు. లెక్క చూపమని నిలబడి అడిగేవారికే దొరుకుతాయి. బ్రిటన్ వృద్ధులు అలా అడిగి తమ భత్యాన్ని తిరిగి తెచ్చుకున్నారు. మన కాంట్రాక్టు బిడ్డల తరఫున ఆ లెక్క అడగవలసిన బాధ్యత పర్మినెంట్ తండ్రుల మీద కూడా ఉంది.