గొర్రెకు నట్టల మందు, మరి కుక్కకు?

2025 ఆగస్టు 22న వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు గుర్తుందా? మన క్లాస్ గ్రూపుల్లో వారం రోజులు అదే గొడవ. కుక్కని చూస్తే బిస్కెట్ తీసేవాళ్ళు ఒకవైపు, రాయి తీసేవాళ్ళు ఇంకోవైపు. ఆ ఉత్తర్వులో ఏముందంటే, పట్టిన కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, నట్టల మందు వేసి, టీకా వేసి, మళ్ళీ అదే చోట వదలాలి. రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలకూడదు. ఆపరేషన్ గురించి అందరూ వాదించుకున్నారు. టీకా గురించి కొంతమంది మాట్లాడారు. మధ్యలో ఉన్న నట్టల మందు గురించి ఒక్కరు మాట్లాడగా నేను చూడలేదు.

నట్టలంటే కడుపులో పురుగులు. మనం ఇంగ్లీష్ మీడియంలో చదివి 'డీవార్మింగ్' అంటాం గానీ జనగామ, మానుకోట, భూపాలపల్లి ఊళ్ళల్లో నట్టల మందు అంటేనే తెలుస్తుంది. ఆ మాట అక్కడ అంత బాగా తెలియడానికి కారణం గొర్రె. పశుసంవర్ధక శాఖ వాళ్ళు ఊరూరా తిరిగి గొర్రెలకు, మేకలకు ఈ మందు ఉచితంగా తాపుతారు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానం, దాదాపు 1.91 కోట్లు. 2017లో మొదలైన పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్‌గా 75 శాతం సబ్సిడీతో పంచారు. అన్ని గొర్రెల మీద అంత డబ్బు పెట్టాక వాటికి మందు తాపడం న్యాయమే. నా ప్రశ్న ఒక్కటే: ఆ మంద పక్కనే రాత్రంతా కాపలా కాసే కుక్క సంగతేంటి?

పాలకుర్తి వైపు మా మేనమామకు గొర్రెలున్నాయి. ఇదే మాట ఆయన్ని అడిగితే, "గొర్రెకు సర్కారే తాపుతది బిడ్డా, కుక్కకు ఎవలు తాపుతరు? దానికి మందుంటదని కూడ మాకెవలు చెప్పలే" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు, అంతే.

కుక్క పేగుల్లో ఎకినోకాకస్ అనే చిన్న బద్దెపురుగు ఉంటుంది. పొడవు కొన్ని మిల్లీమీటర్లే. కుక్కకు దాంతో పెద్దగా ఇబ్బంది ఉండదు, బయటికి ఏ లక్షణమూ కనపడదు. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి గొర్రె మేస్తుంది. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీళ్ళు నిండిన తెల్లటి బుడగలు పెరుగుతాయి. దసరాకో, బోనాలకో యాటను కోసినప్పుడు ఆ బుడగలున్న ముక్కను "ఇది బాలేదు" అని పక్కకు విసిరేస్తారు. ఎవరు తింటారు? పక్కనే కూర్చున్న కుక్క. మళ్ళీ మొదటికి. మన భాషలో చెప్పాలంటే ఇది బ్రేక్ స్టేట్‌మెంట్ లేని లూప్.

ఈ లూప్‌లోకి మనిషి కూడా దూరిపోతాడు. కుక్కని నిమిరిన చేత్తో అన్నం తింటే, కడగని కూరగాయ తింటే ఆ గుడ్లు మన కడుపులోకి వస్తాయి. మటన్ తింటే రాదు, ఈ మాట స్పష్టంగా తెలుసుకోవాలి. వస్తే మాత్రం ఎక్కువగా కాలేయంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో తిత్తి తయారవుతుంది. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. డాక్టర్లు హైడాటిడ్ సిస్ట్ అంటారు. చాలాసార్లు ఆపరేషన్ తప్పదు, నెలల తరబడి మందులు వాడాలి. తిత్తి లోపల పగిలితే ప్రాణం మీదికే రావచ్చు. కుక్కకి ఒక మాత్రతో పోయేది మనిషికి ఆపరేషన్ దాకా వెళ్తోంది.

గొర్రెకూ నష్టమే. కుక్కలో ఉండే ఇంకో బద్దెపురుగు వల్ల గొర్రె మెదడులో తిత్తి పెరుగుతుంది. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతూ, మేత మానేసి చచ్చిపోతుంది. గొర్రెకు నట్టల మందు తాపి కుక్కను వదిలేయడం అంటే చిల్లు మూయకుండా బిందెలో నీళ్ళు పోయడమే.

ఇక పిల్లల సంగతి. కుక్కపిల్లకు ఏలికపాములు తల్లి కడుపులోనే వచ్చేస్తాయి. కొంకిపురుగులు తల్లి పాలతో వస్తాయి. అందుకే రెండు వారాల వయసు నుంచే, ఎనిమిది వారాలు నిండేదాకా రెండు వారాలకోసారి మందు వేయమంటారు. తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. ఏలికపాము గుడ్డు మట్టిలో రెండు వారాలు పైబడి ఉన్నాకే మనుషులకు అంటే స్థితికి వస్తుంది. అంటే కుక్క మలాన్ని రోజూ తీసి పాతిపెడితే సగం పని అయిపోయినట్టే. తీయకపోతే ఆ మట్టిలో ఆడుకునే పిల్లల నోట్లోకి వెళ్తుంది. ఆ పురుగు పిల్లలు కంటిదాకా చేరితే చూపు కూడా పోవచ్చు. కొంకిపురుగుల పిల్లలైతే చెప్పుల్లేని కాళ్ళ చర్మంలోంచే దూరతాయి. దేశంలో 2015 నుంచి 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళందరికీ నులిపురుగుల మాత్ర ఇస్తున్నారు. ఆ లెక్కలో నేను కూడా ఉన్నాను. అదే అంగన్‌వాడీ ముందు పడుకునే కుక్కకు మాత్రం ఏమీ లేదు.

ఇప్పుడు ఒంటిమీది పురుగులు. పిడుదులు, గోమార్లు అంటే అందరికీ తెలుసు. నల్లగా, సన్నగా, పట్టుకోబోతే ఎగిరి దూకే పురుగు ఇంకోటి ఉంది, ఇంగ్లీషులో ఫ్లీ. దురదకి కుక్క దాన్ని కొరికి మింగేస్తే, దాంతోపాటు మరో రకం బద్దెపురుగు కడుపులోకి వెళ్తుంది. కాబట్టి ఒంటిమీది పురుగుని వదిలేసి కడుపులో పురుగుకి మాత్రమే మందు వేస్తే మళ్ళీ వస్తుంది. పిడుదు అయితే రక్తం తాగడంతో ఆగదు, టిక్ ఫీవర్ అంటిస్తుంది. కుక్క తిండి మానేస్తుంది, జ్వరం వస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, కొన్నిసార్లు ముక్కులోంచి రక్తం వస్తుంది. రక్తపరీక్షలు, వారాల తరబడి మందులు. ఆ ఖర్చు పెట్టలేకే చాలా ఇళ్ళల్లో కుక్కని ఊరి బయట వదిలేస్తారు.

అసలు సమస్య డబ్బు. నెలకోసారి నమిలించే అఫాక్సోలానర్, మూడు నెలలు పనిచేసే ఫ్లూరలానర్ లాంటి కొత్త మాత్రలు బాగా పనిచేస్తాయి. మూర్ఛ వచ్చే కుక్కలకు వేసే ముందు జాగ్రత్తపడాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది, అది వేరే విషయం. కానీ వాటి ధర కుక్క బరువుని బట్టి వందల నుంచి వేలల్లోకి పోతుంది. కూలికి పోయే ఇంట్లో ఎవరు కొంటారు? పైగా 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ జిల్లాని విడదీసి ఐదు జిల్లాలు చేసినా, కుక్కల డాక్టర్ అంటే ఇప్పటికీ చాలామంది హనుమకొండ బస్సే ఎక్కుతారు. భూపాలపల్లి నుంచి 60 కిలోమీటర్లకు పైనే.

డబ్బు లేకపోతే జనం ఏం చేస్తారు? చేతికి దొరికింది వాడతారు. పత్తికి, మిర్చికి కొట్టే మందు నీళ్ళలో కలిపి కుక్కకి పోసేస్తారు. అది కుక్క నాకుతుంది, పిల్లలు ముట్టుకుంటారు. ఇంకొందరు పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది వేసేస్తారు. చిన్న లెక్క చేద్దాం. 1 శాతం మందు 1 మి.లీ. అంటే 10 మి.గ్రా. పశువుల్లో అది 50 కిలోల బరువుకి సరిపోయే డోసు. మూడు కిలోల కుక్కపిల్లకి అదే 1 మి.లీ. ఎక్కిస్తే 16 రెట్లకు పైగా. అది మందు కాదు, విషం. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ కూడా కుక్కకి వేయొద్దు, ఎముక మజ్జ దెబ్బతినే ప్రమాదం ఉంది. వెల్లుల్లి పెడితే పిడుదులు పోతాయనే రీల్స్ కూడా నమ్మకండి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని పాడు చేస్తుంది.

మరి చవకగా, సరిగ్గా ఏం చేయొచ్చు? కడుపులో పురుగులకి ప్రాజిక్వాంటెల్ 50, పైరాంటెల్ పామోయేట్ 144, ఫెబాంటెల్ 150 మి.గ్రా. కలిపిన మాత్ర చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. 10 కిలోల బరువుకు ఒక మాత్ర. 15 కిలోల ఊరకుక్కకి ఒకటిన్నర. మూడు నెలలకోసారి అంటే ఏడాదికి ఆరు మాత్రలు. ఒక్కో మాత్ర మామూలుగా ప్లేట్ బిర్యానీ కంటే తక్కువకే వస్తుంది. మందు వేశాక రెండు రోజులు కుక్కని కట్టేసి, మలం లోతుగా పాతిపెట్టాలి, ఎందుకంటే మందు పురుగుని చంపుతుంది గానీ గుడ్లని చంపదు.

పిడుదుల విషయంలో సగం పని కుక్క మీద కాదు, గోడ మీద ఉంటుంది. పిడుదు రక్తం తాగి కిందపడి, గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. పగుళ్ళు పూడ్చి సున్నం వేయడం, కుక్క పడుకునే గోనెసంచిని వారానికోసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయడం, చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడ పట్టీ కింద రోజూ చూడటం. దొరికినదాన్ని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగి సబ్బునీళ్ళలో వేయాలి. గోళ్ళతో నలపొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. ఇవన్నీ చేశాక కూడా మందు అవసరమైతే పశువుల డాక్టర్‌ని అడిగి బరువుకి తగ్గది వాడాలి.

ఇదంతా జరిగే పనేనా అంటారా? ఐస్‌లాండ్‌లో జరిగింది. 1860లలో హెరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడ కుక్కల్ని పరీక్షిస్తే, నాలుగోవంతుకు పైగా కుక్కల్లో ఇదే ఎకినోకాకస్ కనపడింది. ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. దాన్ని వాళ్ళ భాషలో అచ్చువేసి 1864లో ఇంటింటికీ ఉచితంగా పంచారు. కోసిన గొర్రె పేగులు, తిత్తులు కుక్కకు వేయకండి, కాల్చండి లేదా పాతిపెట్టండి అన్నది అందులో ముఖ్యమైన మాట. తర్వాత కుక్కలకు మందు వేయడం చట్టమైంది. కొన్ని తరాల్లో ఆ దేశంలో ఆ జబ్బే లేకుండా పోయింది. మనుషుల కంటే గొర్రెలు ఎక్కువున్న న్యూజిలాండ్ 1959లో చట్టం చేసి, వక్క నుంచి తీసిన అరెకోలిన్‌తో కుక్కల్ని పరీక్షించి, 2002లో తాత్కాలికంగా హైడాటిడ్ లేని దేశంగా ప్రకటించుకుంది. మనకు వాళ్ళకంటే మంచి మందు ఉంది. లేనిది పద్ధతి.

"మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు మందులా?" అని అడుగుతారు. నేను అడిగేది కుక్క కోసం మాత్రమే అనుకుంటే ఈ వ్యాసం మళ్ళీ చదవండి. కుక్క అంటే ఇష్టం లేనివాడి కాలేయం కూడా కాలేయమే. "వీధికుక్కలన్నిటికీ ఎలా వేస్తారు, వేసినా మళ్ళీ వస్తుంది కదా" అనేది ఇంకొంచెం గట్టి ప్రశ్న. నిజమే, తిత్తులున్న కార్జం దొరికినంత కాలం మళ్ళీ వస్తుంది. అందుకే మందు ఒక్కటే కాదు, మాంసం కొట్టే చోట మూత ఉన్న గుంత కూడా కావాలంటున్నాను. మొదట యజమాని ఉన్న కుక్కలతో, మంద వెంట తిరిగే కుక్కలతో మొదలుపెడితే చాలు. గొర్రెతో రోజూ తిరిగేది అవే.

కాబట్టి నేను అడిగేవి నాలుగు. ఒకటి, గొర్రెలకు నట్టల మందు తాపే రోజునే, ఆ బృందమే, మంద దగ్గరున్న కుక్కకి కూడా మాత్ర వేయాలి. బండి అప్పటికే ఊళ్ళో ఉంటుంది, పెరిగే ఖర్చు మాత్ర ఖర్చే. రెండు, ప్రతి జులై 6న, జూనోసిస్ దినం రోజు, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. కుక్కని పట్టుకుని అంతదూరం వచ్చినవాళ్ళకి ఏడాదికి సరిపడా మాత్రలు చేతిలో పెట్టి పంపాలి. మూడు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మున్సిపాలిటీలు మాంసం దుకాణాల వ్యర్థాలు కుక్కలకు అందకుండా చూడాలి. నాలుగు, మందు డబ్బా మీద తెలుగు ఉండాలి. డోసు ఇంగ్లీషులో సన్నటి అక్షరాల్లో రాస్తే మా మామ ఎలా చదువుతాడు?

మొదటి మూడూ మన చేతుల్లో లేవు. నాలుగోదానిలో కొంత ఉంది. మనది సాహిత్య క్లబ్బు, రాయడం మన పనే. బరువుని బట్టి డోసు, ఎప్పుడెప్పుడు వేయాలి, ఏవి వాడకూడదు, కార్జం ఎందుకు విసరకూడదు, ఇంత విషయం ఒక్క పేజీలో, ఊళ్ళో మాట్లాడే తెలుగులో రాద్దాం. మామునూరు వెటర్నరీ కాలేజీలో మన వయసువాళ్ళే చదువుతున్నారు, వాళ్ళతో తప్పులు దిద్దించుకుందాం. హాస్టల్ దగ్గర మనం అన్నం పెట్టే కుక్కలకు మాత్రల డబ్బు మనమే వేసుకుందాం, తలా ఒక టీ డబ్బు చాలు. రాయడానికి వచ్చేవాళ్ళు క్లబ్ గ్రూపులో పేరు పెట్టండి. జులై 6 కంటే ముందే ఆ పేజీ ప్రింట్ అయి ఊళ్ళకు చేరాలి.