కరెంటు పోయాక నీళ్ళెవరు మోస్తారు?

మొన్న ఒక రాత్రి భీమడోలులో మా ఇంట్లో కూర్చుని సినిమా చూస్తున్నాను. ఇంగ్లీషు చిత్రం. పేరు ‘ఇంటూ ది ఫారెస్ట్’. 2015లో వచ్చింది. ఒక్కసారిగా కరెంటు పోతుంది. పోయిన కరెంటు మరి రాదు. ఆ రాకపోవడమే కథ.

సరిగ్గా క్లైమాక్సు ఇంకో పది నిమిషాలుందనగా మా ఇంట్లోనూ పోయింది! నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. గోడలో ప్లగ్గు ఉంటేనే బతికే రకం అది. లోకం అంతమైపోయే సినిమాని కూడా ప్లగ్గు లేకుండా చూడలేని వీరుణ్ణన్నమాట నేను.

చేసేదేముంది? వీధి అరుగు మీద చేరేం. అమ్మ, నాయనమ్మ, నేను. దోమలు సరేసరి. పొద్దుపోవడానికి కథ మొదలెట్టేను. (మీకూ చెప్పేస్తున్నానని తిట్టుకోకండి. ఇది కథ తెలిసినా చెడిపోయే సినిమా కాదు.)

అడవి మధ్య ఒక ఇల్లు. తండ్రి, ఇద్దరు కూతుళ్ళు. అక్క ఈవాగా ఇవాన్ రేచల్ వుడ్, చెల్లెలు నెల్‌గా ఇలియట్ పేజ్ నటించారు. రంపం మిషను ప్రమాదంలో తండ్రి పోతాడు. మిగిలింది ఇద్దరు పిల్లలూ, కాస్తంత పెట్రోలూ. ఈవా నాట్యం నేర్చుకుంటున్న పిల్ల. జనరేటరు వేస్తే పాట వినచ్చు, పాటకి ఆడచ్చు అంటుంది. వద్దు, దాచుకుందాం అంటుంది నెల్. ఆ పెట్రోలు దగ్గర ఇద్దరికీ యుద్ధం. పాట లేకుండానే, టిక్కు టిక్కుమని తాళం చెప్పే చిన్న యంత్రం ముందు ఈవా ఒంటరిగా ఆడుతుంటే గుండె పట్టేస్తుంది. నెల్ మాత్రం పుస్తకాలు తిరగేసి ఏ ఆకు తినచ్చో, ఏ వేరు మందో నేర్చుకుంటుంది. తుపాకీ పట్టి అడవిపందిని కొడుతుంది. ఈ కథని 1996లో నవలగా రాసింది జీన్ హెగ్లండ్, తెరకెక్కించింది ప్యాట్రీషియా రోజెమా. ఇద్దరూ స్త్రీలే.

అంతవరకూ చెప్పి, ఆవేశం పట్టలేక ఒక డైలాగు కొట్టేను. “అసలు మనం యంత్రాలకి బానిసలైపోయేం! కరెంటు లేకపోతే మాత్రం ఏం? మన పెద్దవాళ్ళు బతకలేదా?”

చీకట్లోంచి అమ్మ గొంతు వినపడింది. “బతికేర్రా. నీళ్ళెవరు మోసేరో అది కూడా చెప్పు.”

నాయనమ్మ అందుకుంది. కాపరానికొచ్చిన కొత్తలో గోదావరి కాలవ నుంచి రోజుకెన్ని బిందెలు తెచ్చేదో, చంకలో ఒకటి నెత్తిమీద ఒకటి పెట్టుకుని ఎలా నడిచేదో, వరదనీళ్ళు ఎర్రగా వచ్చినప్పుడు చిల్లగింజ అరగదీసి ఎలా తేరబెట్టేదో చెప్పింది. అమ్మేమో రుబ్బురోలు సంగతి ఎత్తింది. “గ్రైండరు వచ్చేకే నా నడుం నిలబడింది” అంది. తాతయ్యా నాన్నగారూ ఆ రోజుల్లో ఏం మోసేవారో మాత్రం ఇద్దరికీ గుర్తు రాలేదు.

నా డైలాగు అక్కడితో సరి. అమ్మ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

మనిషి యంత్రాల మీద ఆధారపడిపోయాడని మనం తెగ బాధపడిపోతాం. ప్రళయం సినిమాలన్నీ ఆ బాధ మీదే నడుస్తాయి. కాని మిక్సీ, గ్రైండరు, మోటారు, గ్యాసు పొయ్యి వచ్చి ఎవరి చేతుల్ని ఖాళీ చేశాయి? ఆడవాళ్ళ చేతుల్ని. అంటే అవి రాకముందు మగవాళ్ళు స్వతంత్రంగా బతికారని కాదు కదండీ. యంత్రం మీద కాక మనిషి మీద ఆధారపడ్డారు. దాన్ని ఆధారపడడం అని ఎవరూ అనలేదు. సంసారం అన్నారు. అందుకే, ఇలాంటి సినిమా ఏది చూసినా ముందు అమ్మ ప్రశ్న వేసుకోవాలని ఆ రాత్రే తీర్మానించుకున్నాను.

‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ మీలో చాలామంది చూసే ఉంటారు. అదీ 2015దే. జార్జి మిల్లర్ దర్శకత్వం. ఆరు ఆస్కార్లు కొట్టింది. ఎడిటింగు ఆస్కారు అందుకున్న మార్గరెట్ సిక్సెల్ ఆయన భార్య. ఛేజింగుల కోసం, పేలుళ్ళ కోసం చూశాం సరే. ఇప్పుడు నీళ్ళ కోసం ఒకసారి చూడండి.

ఎడారిలో ఒక కొండకోట. కొండ కింద భూమిలో నీళ్ళున్నాయి. ఆ పంపులు ఇమ్మోర్టన్ జో అనే ముసలి రాక్షసుడి చేతిలో ఉన్నాయి. ఆయనగారికి బుద్ధి పుట్టినప్పుడు కాసేపు వదులుతాడు. కింద జనం గిన్నెలెత్తుకుని కొట్టుకు చస్తారు. పైగా, నీళ్ళకి అలవాటు పడిపోకండర్రా అని వాళ్ళకే నీతులు చెబుతాడు! ఆధారపడడం తప్పని ఉపన్యాసం ఇచ్చేది ఎవరో చూశారా? పంపు తిప్పేవాడు. జో దగ్గర మూడు ఖజానాలున్నాయి. నీళ్ళు, పెట్రోలు, స్త్రీలు. తన వారసుల్ని కనడానికి అయిదుగురు యువతుల్ని ఇనప తలుపు వెనక దాచుకుంటాడు. లోకం కూలిపోయినా ఆ లెక్క మాత్రం కూలలేదు.

వాళ్ళని పెద్ద ట్యాంకరులో ఎక్కించుకుని పారిపోయే యోధురాలు ఫ్యూరియోసా. ఒక చెయ్యి లేదు. స్టీరింగు ఆవిడదే. హీరో మ్యాక్స్ సగం సినిమా ఆవిడ పక్క సీట్లోనే. వెళ్ళవలసింది చిన్నప్పుడు తను పుట్టిన పచ్చని చోటికి. తీరా వెళితే ఆ చోటు లేదు. వస్తూ వస్తూ దారిలో దాటేసిన కాకుల బురదకుంటే ఒకప్పటి పచ్చని చోటు! పక్కనుంచే పోయారు, గుర్తుపట్టలేదు.

మన కొల్లేటి ప్రాంతం వాళ్ళకి ఆ సీనేమీ కొత్త కాదండీ. సరస్సు చూద్దామని బయల్దేరి, గట్ల మధ్య చేపల చెరువులు దాటుకుంటూ పోయి, “ఇంతకీ కొల్లేరెక్కడండీ?” అని అడిగినవాళ్ళు ఎంతమంది లేరు! 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కి ప్రపంచ ప్రసిద్ధమైంది. 2006లో చెరువు గట్లు కొట్టించారు. అయినా లంక గ్రామాల్లో చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం డబ్బా కొనుక్కోవాలి. ఆ డబ్బా గట్టు దగ్గర్నుంచి వంటింటిదాకా ఎవరు మోస్తారో వేరే చెప్పాలా?

ఫ్యూరియోసా ఏం చేసిందో అదీ చెప్పాలి. పచ్చని చోటు లేదని తెలిశాక ఇంకా దూరం పారిపోలేదు. బండి వెనక్కి తిప్పింది. వెళ్ళి కోటనే పట్టుకుంది. చివర్లో పంపులు తెరుచుకుని నీళ్ళు అందరి మీదా పడతాయి. ఒక ముసలావిడ ప్రాణంలా దాచుకున్న విత్తనాల సంచీ కోటకి చేరుతుంది. పంపులు వద్దనలేదు, బద్దలు కొట్టలేదు. పంపు దగ్గర ఎవరుండాలన్నదే ఆ సినిమా యుద్ధం.

ఇక మన తెలుగు ప్రళయానికి వద్దాం. 1991లో ‘ఆదిత్య 369’లో సింగీతం శ్రీనివాసరావు గారు మనల్ని 2504కి తీసుకెళ్ళి, యుద్ధం తర్వాత భూమి లోపల బతికే మనుషుల్ని చూపించారు. ఆ సింగీతం గారే సలహాదారుగా ఉండగా నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైంది. కాశీ ఒక్కటే మిగిలిన నగరం. గంగ ఎండిపోయింది. పైన కాంప్లెక్సు అనే తలకిందుల పిరమిడ్ లోకంలో ఉన్నదంతా పీల్చేసుకుంది. ఊహ గొప్పది. నేనూ ఈల వేశాను, అబద్ధమెందుకు!

కాని అమ్మ ప్రశ్న వేసి చూస్తే? కాంప్లెక్సులో స్త్రీలకి పేర్లు లేవు, నంబర్లు. గర్భం ప్రయోగశాల. యాస్కిన్‌కి కావలసిన మందు ఆ గర్భాల్లోంచే తియ్యాలి. ఇమ్మోర్టన్ జో ఇనప తలుపుకి ఇది అత్తగారిల్లు. ఇంతవరకూ దర్శకుడు చెప్పింది నిప్పులాంటి నిజం. దీపికా పదుకొణె సుమతిగా మంటల్లోంచి నడిచి వస్తుంటే హాలంతా నిశ్శబ్దం. మనకి తెలిసిన అగ్నిప్రవేశం ఒకరికి రుజువు చూపించడానికి. ఈవిడ నడిచింది జైల్లోంచి బయటపడ్డానికి. అంత గొప్ప సీను అది.

మరి బయటపడ్డాక? ఒకవైపు అశ్వత్థామ, ఇంకోవైపు భైరవ. ఇద్దరు మగవాళ్ళు ఆవిడ కోసం కొట్టుకుంటారు. ఒకరు కాపాడాలని, ఒకరు పట్టుకుపోవాలని. ఆవిడ ఎటు పోదల్చుకుందో అడిగే తీరిక ఎవరికీ లేదు. భైరవ బండి బుజ్జి ఉంది చూశారూ, దానికి గొంతిచ్చింది కీర్తి సురేష్. ఇదే దర్శకుడు 2018లో ‘మహానటి’లో ఆవిడచేత సావిత్రిని పలికించాడు. జాతీయ అవార్డు తెచ్చిన గొంతు! 2898లో కూడా, చెప్పిన పని చేసిపెట్టే యంత్రానికి ఆడగొంతే కావలసి వచ్చింది. బుజ్జి ఎదురు మాట్లాడుతుంది, వెక్కిరిస్తుంది, బాగానే ఉంది. ఎటు పోవాలో మాత్రం భైరవే చెప్పాలి.

శంబలని నడిపే మరియమ్‌గా శోభన ఉన్నారు కదా అంటారా? ఉన్నారు, హుందాగా ఉన్నారు. కాని ఆవిడ కూడా ఎదురుచూసేది ఆ కడుపు కోసమే. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టి పెరిగిన ప్రాంతం మాది. స్త్రీని అమ్మవారిని చేసి కూర్చోబెట్టడం మనకి వెన్నతో పెట్టిన విద్య. స్టీరింగు ఇవ్వడమే కష్టం. రెండో భాగంలో సుమతికి బండి తాళాలిస్తారని ఆశపడుతున్నాను.

‘కల్కి’ వచ్చి రెండు నెలలు దాటగానే, 2024 సెప్టెంబరు 1న, బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. మేడల మీద జనం. కరెంటు లేదు. చుట్టూ నీళ్ళే, తాగే నీళ్ళు లేవు. ఆకాశంలోంచి డ్రోన్లు అన్నం పొట్లాలు దింపాయి. అచ్చం సినిమాలాగే! ఆ నీళ్ళే తర్వాత మన కొల్లేట్లోకి దిగి లంక గ్రామాల దారులు ముంచాయి. ఆ రోజుల్లో యంత్రాలే మనని చెడగొట్టాయని అనగలమా? పడవ మోటారూ, ఫోనూ, డ్రోనూ ప్రాణాలు నిలబెట్టాయి. ఆధారపడడం నేరం కాదు. ఆధారం ఒకరి చేతిలో, దాని బరువు ఇంకొకరి నడుం మీద ఉండడమే నేరం.

మళ్ళీ మా అరుగు దగ్గరకి. గంటన్నరకి కరెంటొచ్చింది. వీధంతా కేకలు. నేను ల్యాప్‌టాప్ వైపు పరిగెత్తాను. అమ్మ మోటారు స్విచ్చి వైపు. ఆ తేడా అప్పుడే గమనించి, సిగ్గేసి, నేనే వెళ్ళి మోటారు వేశాను. అమ్మ వచ్చి సినిమా ముందు కూర్చుంది.

ఆఖరి పది నిమిషాలు. ఈలోగా ఈవా మీద ఒక దుర్మార్గుడు అఘాయిత్యం చేసి కారు కూడా ఎత్తుకుపోయాడు. ఆ బిడ్డని కంటానని ఈవా నిర్ణయించుకుంది. ఇక్కడ నాకో పేచీ ఉంది. ఏ దేశపు ప్రళయమైనా స్త్రీ బలాన్ని చివరికి పురుడుతోనే ఎందుకు కొలుస్తారో! ఒక్క తేడా మాత్రం ఒప్పుకోవాలి. ఇక్కడ నిర్ణయం ఆమెది. యాస్కిన్‌దీ కాదు, అశ్వత్థామదీ కాదు.

ఇల్లు కుళ్ళి కూలిపోతోంది. బిడ్డతో అడవిలోకి పోతూ, పాట కోసం కూడా ఖర్చు పెట్టడానికి ఏడ్చిన పెట్రోలు పోసి ఇంటికి నిప్పు పెడతారు. ఇంకా ఎవరో ఉన్నారని ఏ మగాడూ వెతుక్కుంటూ రాకుండా. తెరంతా మంట. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంత మంచి ముగింపు మీద నాలుగు గొప్ప మాటలు రాద్దామని కలం తీశాను.

అమ్మ మంటని చూడలేదు. పక్కనున్న ఆ పిల్లల చేతుల కేసి చూస్తోంది.

“పసిబిడ్డతో పోతున్నారు కదరా, నీళ్ళు కాచుకోడానికి గిన్నె తీసుకున్నారా?” అంది.

వచ్చే వారం మీరు చూసే సినిమాలో గిన్నె ఎవరి చేతిలో ఉందో చూసి నాకు రాయండి. ఇంటర్వెల్‌లో మీ ఇంట్లో మోటారు ఎవరు వేశారో అదీ రాయండి.