చక్కిలిగిలియా, భయమా?



ఈ నెల నొక చిన్న జంతువును గూర్చి ముచ్చటింపదలచితిని. ఫోను తెరమీద దానిని మీలో పలువురు చూచియే యుందురు. పిల్లికూన యంత దేహము, రూపాయి బిళ్లలవంటి కన్నులు, మెత్తని బొచ్చు. ఎవరో దానికి చంకలలో చక్కిలిగిలి పెట్టుచుందురు. అది చేతులు రెండును పైకెత్తి కదలక యుండును. ఇంకను కావలెనని యడుగుచున్నదని చూచువారు మురియుదురు. 2009వ సంవత్సరమున యూట్యూబున కెక్కిన యీ దృశ్యమును లక్షలకొలది జనులు చూచిరి.

ఆ జంతువు పేరు స్లో లోరిస్. ఆగ్నేయాసియా యడవులలో చెట్లమీద నుండును. పగలు నిద్రించి రాత్రి తిరుగును. దాని మోచేతి లోపలివైపున నొక గ్రంథి కలదు. అందూరు ద్రవమును నాకి యుమ్మితో కలుపుకొన్నచో దాని కాటు విషమగును. ఆపద తోచినప్పుడు అది చేతులు తలపైకెత్తి యా గ్రంథిని నోటికి దగ్గర చేసికొనును. మనము ముద్దనుకొన్న భంగిమ యిదియే!

అంతటితో పోలేదు. అమ్మువారు అది కరవకుండుటకై ముందుపళ్లను గోళ్లు తీయు పనిముట్టుతో తెగగొట్టుదురు; మత్తుమందు మాటయే యుండదు. గాయము చీముపట్టి చచ్చునవి యనేకము. ఆ దృశ్యము క్రింద జనులు వ్రాసిన 12 వేలకు పైబడిన యభిప్రాయములను పరిశోధకులు చదివి 2013లో వ్యాసము ప్రకటించిరి. "నాకును ఒకటి కావలె" నన్నవారు అందు తక్కువమంది కారు. 2007లోనే యీ జంతువులతో దేశదేశముల వ్యాపారము నిషేధింపబడినది. అయినను ముచ్చటపడిన కన్నే యంగడికి దారి చూపుచున్నది.

పంచతంత్రములోని ముంగిస కథ మీకు తెలియనిది కాదు. మూతినున్న నెత్తురు చూచి, బిడ్డను చంపినదనుకొని, ఆ తల్లి నీళ్లకుండ దానిపై వైచెను. చచ్చిన పామును తరువాత చూచెను. ఆమెను కావలెనని మోసపుచ్చినవా రెవరును లేరు. తెరమీది దృశ్యములలో నట్లు కాదు, మనచే పొరపాటు చేయించుటకే యొకరు కూర్చుండియుందురు. కొండచిలువ కుక్కపిల్లను చుట్టుకొన్నది; ఇంతలో నొక పురుషుడు దైవమువలె వచ్చి విడిపించినాడు. కన్నీరు తుడుచుకొనుటకు ముందొకటి యడుగుడు: ఆ పురుషుడు రాకముందే యక్కడ కెమెరా పట్టుకొని నిలిచిన దెవరు? కుక్కపిల్ల యరచుచుండ చేయి సాచక చిత్రము తీసినవా డెవడు? ఇట్టి కల్పిత రక్షణ దృశ్యములను నిషేధించుచున్నామని 2021లో యూట్యూబువారు ప్రకటించిరి. అంతమాత్రమున నవి యాగలేదు.

ఈ మోసము పాతదే. 1958లో డిస్నీవారి 'వైట్ వైల్డర్‌నెస్' అను చిత్రమున లెమ్మింగులను ఎలుకజాతి జంతువులు తమంత తామే నీట దూకి చచ్చునట్లు చూపిరి. వానిని కొని తెచ్చి, చిత్రము తీయువారే గట్టునుండి పడద్రోసిరని 1982లో కెనడా టెలివిజనువారు బయటపెట్టిరి. ఆ చిత్రమునకు అకాడమీ బహుమానము కూడ వచ్చియుండెను!

జంతువు ముఖము నొక్కదానినే చూడక దేహమంతయు చూడవలెనని మావారు బడిపిల్లలకు చెప్పుచుందురు. చింపాంజీ పళ్లు బయటపెట్టి యిగిలించుట చాలమారులు భయముచేతనే. కుక్క తోకను కాళ్లనడుమ దూర్చి, చెవులు వెనుకకు వాల్చి, తెల్లగ్రుడ్డు కనబడునట్లు ఓరగా చూచుచున్నచో, దానిని కౌగిలించుకొన్న బిడ్డను వెంటనే యీవలకు తీయవలెను. పాడిగల యిండ్ల స్త్రీలకు ఇదంతయు నేర్పవలసిన పని లేదు. ఆవు తన్నబోవునో లేదో చెంబు పట్టుకొని కూర్చుండకముందే గ్రహింతురు. ఆ తెలివి తెర యెదుట నేమగుచున్నదో!

"చూడు డీ యన్యాయము" అని మందలించుచు పంపినను చూచినవారి లెక్క పెరుగును, తీసినవానికి ధనము చేరును. కాబట్టి యెవరికిని పంపక, ఫిర్యాదు మీట నొక్కి మూసివేయుడు.

స్లో లోరిస్‌కు దాయాది మన శేషాచలపు టడవులలో నున్నది. దానిని దేవాంగపిల్లి యందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే దానిని పట్టుటయు పెంచుటయు నేరము. రాత్రివేళ దానిని చెట్టుమీద చూచిన సోదరీమణు లెవరైన నున్నచో, అది యేమి చేయుచుండెనో నాకు వ్రాయుడు. చేతులెత్తెనో లేదో కూడ తెలుపుడు.