లాగిన్ ఇస్తే సరిపోదు

రేణిగుంట అంటే ఒకప్పుడు రైల్వే జంక్షన్. ఇప్పుడు విమానాశ్రయం, ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ కూడా. పక్కనే ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఇలాంటి చోట్ల ఎక్కడ చేరినా మొదట చేతికిచ్చేది లాగిన్ ఐడీయే. సెలవు పెట్టాలన్నా, ఫైలు కదలాలన్నా, మీటింగులో నోరు విప్పాలన్నా తెర మీదే. ఆ తెరను వాడలేని దివ్యాంగ ఉద్యోగికి జీతం వస్తుంది గానీ పని అందదు. కొన్నాళ్లకు ‘ఆయనకు పని చేతకాదు’ అనే పేరు వస్తుంది. నాకు కోపం తెప్పించేది ఈ పేరే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. పనిచోట అవసరమైన సర్దుబాట్లు చేయాలంది. ప్రైవేటు సంస్థలు సహా అందరూ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలంది. మనం ర్యాంపు కట్టి అక్కడితో ఆగిపోయాం.

చూపులేనివారు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్‌తో వింటారు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. కానీ చదవడానికి అక్షరం ఉండాలి కదా! మన ఆఫీసుల్లో సర్క్యులర్‌ను ప్రింటు తీసి, సంతకం పెట్టి, ఫోన్‌తో ఫొటో కొట్టి వాట్సాప్ గ్రూపులో పడేస్తాం. స్క్రీన్ రీడర్‌కు అది ఒట్టి బొమ్మ. తెలుగుకు ఇంకో చిక్కుంది. డీటీపీ కాలం నాటి అను ఫాంట్లలో కొట్టిన కాగితం కంటికి చక్కటి తెలుగే, కంప్యూటర్ లెక్కలో మాత్రం అవి వేరే గుర్తులు. విన్నవారికి అర్థంలేని గోల వినిపిస్తుంది. యూనికోడ్‌లో కొడితే ఈ బాధ ఉండదు. ఖర్చూ లేదు, అలవాటు మారాలంతే. ఇక పేరు పెట్టని బటన్ల సంగతి. ‘పంపు’, ‘తొలగించు’ అని చెప్పాల్సిన చోట ‘బటన్, బటన్’ అని వినిపిస్తే ఏది నొక్కాలి?

వినికిడి లేనివారిది మరో ఇబ్బంది. తెలుగు, ఇంగ్లిష్ కలిపి మాట్లాడే మన మీటింగులకు ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌ను నమ్ముకోలేం. ముఖ్యమైన మాటలను ఎవరో ఒకరు అప్పటికప్పుడు చాట్‌లో రాయాలి.

కోర్టులు ఈ విషయంలో ముందుకొచ్చాయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన, ఆ చట్టం కింది 15వ నిబంధన చెల్లదంది. తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలంది. ఆ తీర్పుకు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నివేదిక ఆధారమైంది. 2025 ఏప్రిల్ 30న, కళ్లార్పి గుర్తింపు నిరూపించుకోవాలనే కేవైసీ పద్ధతిపై యాసిడ్ బాధితులు, ఒక అంధుడు వేసిన కేసుల్లో, సుప్రీంకోర్టే డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. మన రాష్ట్రంలో 2022లో ఉపాధ్యాయులతో మొదలైన ముఖ ఆధారిత హాజరునూ ఈ వెలుగులోనే చూడాలి. కెమెరాకు ముఖం సరిగ్గా పెట్టలేనివారికి వేరే దారి హక్కుగా ఉండాలి, పై అధికారి దయగా కాదు.

తప్పు ఎక్కువగా జరిగేది కొనేటప్పుడు. కొన్నాక మార్పులంటే కంపెనీ అదనపు బిల్లు వేస్తుంది. అందుకే ఐఎస్ 17802 అనే డిజిటల్ సౌలభ్య ప్రమాణం పాటించాలన్న షరతు టెండరులోనే ఉండాలి. డబ్బు కట్టేముందు మౌస్ తీసేసి, తెర ఆపేసి, కీబోర్డు, చెవులతోనే ఒక సెలవు చీటీ పంపి చూడాలి. ఆ పరీక్ష దివ్యాంగ ఉద్యోగుల చేతే చేయించి, అందుకు విడిగా డబ్బివ్వాలి. రేణిగుంట క్లస్టర్‌లో కొత్తగా తెరిచే యూనిట్లకు ఇది మరీ సులువు, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో వారింకా తేల్చుకోవాల్సే ఉంది.

ఈ వ్యాసం చదివే ఉద్యోగులకు ఒక విన్నపం. ఈసారి గ్రూపులో సర్క్యులర్ ఫొటో పెడితే, అందులోని విషయాన్ని దాని కిందే నాలుగు ముక్కల్లో టైపు చేయండి.